ఊరగాయల దుకాణానికి వెబ్‌సైటు: కొనేవారి ప్రశ్నల నుంచి మొదలుపెడితే

మే నెల రెండో వారం. గుంటూరు జిల్లాలో ఇంట్లోనే ఊరగాయలు పెట్టి అమ్మే ఒక ఆవిడ ఇంట్లో ఆవకాయ మూడో రోజు తిరగగలిపి, నూనె పైకి తేలడం కోసం జాడీలకు వాసెన కట్టి ఉంచారు. అంతవరకు పని తెమిలినట్టే కనిపిస్తుంది గాని, ఆవిడ ఫోనులో మాత్రం సందేశాలు ఆగడం లేదు. ‘ఆవకాయ ఉందా అండీ’, ‘కిలో ఎంత’, ‘వెల్లుల్లి వేయనిది దొరుకుతుందా’, ‘ఏ నూనె వాడతారు’, ‘హైదరాబాదుకు ఎన్ని రోజులు పడుతుంది’, ‘దారిలో నూనె కారదు కదా’. ఆవిడకు అప్పటికే ఒక వెబ్‌సైటు ఉంది. తెరవగానే మామిడితోటల ఫోటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి, ‘సంప్రదాయ రుచుల చిరునామా’ అన్న మాటలు పక్కనుంచి మెల్లగా వచ్చి నిలబడతాయి. చూసినవారందరూ బాగుందనే అన్నారు. అలా అన్నవారే ఆ వెంటనే వాట్సాప్‌లోకి వచ్చి కిలో ఎంత అని అడిగారు.

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్ల విషయంలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. సైటు చేయించేవారూ చేసేవారూ కూడా దాన్ని దుకాణం బోర్డులాగా ఊహించుకుంటారు; అందుకే రంగుల గురించి, లోగో గురించి రోజుల తరబడి చర్చిస్తారు. నిజానికి సైటు చేయవలసింది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి చేసే పని. వచ్చినవాడు ఏమడుగుతాడో ఆ మనిషికి తెలుసు, ఏ వరుసలో అడుగుతాడో కూడా తెలుసు, కొందరు మొహమాటపడి అడగని ప్రశ్న ఏదో కూడా తెలుసు. వాడుకకు సులువుగా ఉండడం అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 9241-11, దీన్నే మరో విధంగా చెబుతుంది. ఫలానా మనుషులు, ఫలానా పని కోసం, ఫలానా పరిస్థితుల్లో ఒక వస్తువును వాడినప్పుడు ఆ పని పూర్తయిందా, ఎంత శ్రమతో పూర్తయింది, వారికి తృప్తి కలిగిందా అన్నవే అక్కడి కొలతలు. మనుషులెవరో, పని ఏమిటో, పరిస్థితి ఏమిటో తేల్చకుండా ‘ఈ సైటు సులువుగా ఉంది’ అనడంలో అర్థం లేదు.

కనుక ఆవిడ సైటును తిరిగి కట్టేటప్పుడు మేము మొదట ముట్టుకున్నది కంప్యూటరును కాదు. రెండు నెలల వాట్సాప్ సందేశాలను ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించి, ఒకే అర్థమున్న ప్రశ్నలను ఒకచోట చేర్చాం. ధర, తూకం, సరుకు ఉందా లేదా అన్నవి ఒక గుంపు. వెల్లుల్లి, నూనె, కారం ఎంత, ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది అన్నవి రెండో గుంపు. కొరియర్ ఛార్జీ, ఎన్నాళ్ళకు చేరుతుంది, సీసా పగిలితే ఏమిటి అన్నవి మూడోది. డబ్బు ఎలా కట్టాలి, కట్టాక ఏమవుతుంది అన్నవి నాలుగోది. సైటులో ఏ పేజీ ఉండాలో, ఏ పేజీలో ఏది పైన ఉండాలో ఆ నోటుపుస్తకమే నిర్ణయించింది. ‘మా ప్రస్థానం’ అన్న పేజీ గురించి రెండు నెలల్లో ఒక్కరూ అడగలేదు. దాన్ని అడుగుకు పంపాం.

ఒక్క పేజీలో ఎన్ని జవాబులు

దుకాణం సైటులో అసలైన పేజీ మొదటి పేజీ కాదు, సరుకు పేజీ. చాలామంది మొదటి పేజీని చూడనే చూడరు. చుట్టాలెవరో పంపిన లింకు తాకి నేరుగా ‘వెల్లుల్లి ఆవకాయ, అర కిలో’ దగ్గర దిగుతారు. అక్కడ దిగిన మనిషికి ఇది ఎవరి దుకాణం, ఏ ఊరు, ధర ఎంత, తనకు చేరడానికి మొత్తం ఎంతవుతుంది అన్నవి వేలితో ఒకటి రెండుసార్లు తెర జరిపేలోగా తెలియాలి.

ఫోటో సంగతే తీసుకుందాం. ఆవిడ పాత సైటులో ఆవకాయ ఫోటో అరటాకులో, పక్కన వెండి గిన్నెతో, చాలా అందంగా ఉండేది. సీసా ఎంత ఉంటుందో మాత్రం దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. అర కిలో అంటే ఎన్నాళ్ళు వస్తుందో పట్నంలో ఒంటరిగా ఉండే కుర్రవాడికి తెలియదు. ఇప్పుడు మొదటి ఫోటోలో సీసా ఒక మనిషి చేతిలో ఉంటుంది. రెండోది మూత తీసి, ముక్క పైకి కనిపించేలా, పగటి వెలుతురులో తీసినది. మూడోది ప్యాకింగుది, మూతకు సీలు వేసి, సంచిలో పెట్టి, అట్టపెట్టెలో కూర్చినది. ‘నూనె కారదు కదా’ అన్న ప్రశ్నకు ఆ మూడో ఫోటోయే జవాబు. నాలుగు వాక్యాలు రాసినా అంత నమ్మకం కలగదు.

తరువాత వివరాలు. వెల్లుల్లి ఉందా లేదా అన్నది కొన్ని ఇళ్ళలో ఆచారానికి, మరికొన్ని ఇళ్ళలో రుచికి సంబంధించిన విషయం. అది పేరులోనే కనిపించాలి. నూనె నువ్వులదా, వేరుశనగదా అన్నది రుచితో పాటు ఆరోగ్యానికీ సంబంధించినది. అమెరికా చట్టం 2023 జనవరి 1 నుంచి నువ్వులను ప్రధాన అలర్జీ ఆహారాల్లో తొమ్మిదోదిగా చేర్చింది. ఐరోపా సమాఖ్య జాబితాలో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. ఆవపిండీ నువ్వులనూనే కలిసిన పచ్చడిని అక్కడున్న పిల్లలకు పంపుకునే తల్లిదండ్రులకు ఈ సమాచారం అవసరం.

ఇక్కడ చట్టమూ కొనేవారి ప్రశ్నలూ ఒకే దారిలో నడుస్తాయన్నది గమనించదగ్గది. ప్యాకెట్లో అమ్మే సరుకుల తూనికలు కొలతల నియమాల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు 2018 జనవరి నుంచి ఆన్‌లైన్ పేజీలో కూడా కనిపించాలి. తయారీ నెల, సంవత్సరం మాత్రం పేజీలో చూపనక్కరలేదని ఆ నియమమే మినహాయింపు ఇచ్చింది. నన్నడిగితే ఊరగాయలవారు ఈ మినహాయింపును వాడుకోకపోవడమే లాభం. ‘ఈ ఏటి కాయేనా’ అన్నది వాట్సాప్‌లో అందరూ అడిగే ప్రశ్న కనుక ‘ఈ మే నెలలో పెట్టినది’ అన్న ఒక్క ముక్క ధర పక్కన ఉంటే అడిగే పని తప్పుతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ వృత్తం గుర్తు కూడా పేజీ అట్టడుగున కాక సరుకు దగ్గరే ఉంచాలి. రొయ్యల పచ్చడీ మాగాయా ఒకే సైటులో అమ్మేవారికి ఆ గుర్తు మరీ ముఖ్యం.

కొరియర్ ఛార్జీ దగ్గర ఇంతకంటె పెద్ద పేచీ ఉంది. ఆన్‌లైన్ దుకాణాల్లో బుట్టలో సరుకు వేసుకుని కొనకుండానే వెళ్ళిపోయేవారు సగటున 70 శాతం దాకా ఉంటారని ఆన్‌లైన్ కొనుగోళ్ళ తీరును పరిశోధించే బేమార్డ్ సంస్థ అనేక అధ్యయనాలను కలిపి చెబుతోంది. అలా వెళ్ళిపోవడానికి కారణంగా జనం ఎక్కువగా చెప్పేది చివరి మెట్టు మీద హఠాత్తుగా వచ్చి చేరే అదనపు ఖర్చులే. అర కిలో పచ్చడి మీద కొరియర్ ఖర్చు ధరలో పావు వంతో మూడో వంతో అయినప్పుడు దాన్ని చివరిదాకా దాచడం కొనేవారికి మోసంలాగే తోస్తుంది. అందుకే సరుకు పేజీలోనే పిన్‌కోడు అడిగే చిన్న గడి పెట్టి, ఆరంకెలు వేయగానే ‘మీ ఊరికి కొరియర్ ఇంత, ఫలానా తేదీలోగా చేరుతుంది’ అని చెప్పించాం. ‘3 నుంచి 7 పనిదినాలు’ అన్న మాట కంటె ‘శనివారంలోగా’ అన్న మాట మేలు. పనిదినాలు లెక్కపెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

దీంట్లోనే వ్యాపారికీ కొనేవారికీ ఇద్దరికీ కలిసివచ్చే కిటుకు ఒకటుంది. కొరియర్ కంపెనీలు సాధారణంగా అర కిలో అంచెల్లో ఛార్జీ వేస్తాయి. అర కిలో పచ్చడి సీలు, సంచి, అట్టపెట్టె కలుపుకుని 700 గ్రాములు తూగిందనుకుందాం. అది కిలో అంచెలో పడుతుంది, మిగిలిన 300 గ్రాములకు కూడా కొనేవాడు డబ్బు కట్టినట్టే. అప్పుడు బుట్టలో ‘ఇదే కొరియర్ ఛార్జీలో పావు కిలో కందిపొడి కూడా వస్తుంది’ అని రాయవచ్చు. పెట్టె పెద్దదైతే బరువు బదులు కొలతల లెక్కన ఛార్జీ వేస్తారు కనుక ముందు పెట్టె కొలత చూసుకోవాలి. ఎక్కువ అమ్మడానికి ఇది నిజాయితీగల మార్గం. ‘మరో 17 మంది ఈ పేజీ చూస్తున్నారు’, ‘ఇంకా 3 సీసాలే’ అని లేని తొందర పుట్టించడం 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. ఆ జాబితాలోని 13 మోసపు పద్ధతుల్లో అడగని సరుకును బుట్టలో చేర్చడం, ఖర్చును విడతలు విడతలుగా బయటపెట్టడం కూడా ఉన్నాయి. నిజంగానే మూడు సీసాలే మిగిలితే చెప్పడంలో తప్పులేదు. రోజూ మూడే మిగిలితేనే తప్పు.

పేర్లు, అక్షరాలు

తెలుగువారికి అమ్మే సైటు తెలుగులో ఉండాలా, ఇంగ్లిషులో ఉండాలా అన్న చర్చ తరచూ వస్తుంది. రెండూ ఉండాలన్నది తేలిక జవాబే గాని అసలు చిక్కు పేర్ల దగ్గర ఉంది. కోస్తాలో ‘పచ్చడి’ అంటే నిల్వ పచ్చడీ కావచ్చు, రోటి పచ్చడీ కావచ్చు. రాయలసీమలో ‘ఊరగాయ’ అంటే సందేహం లేదు. తెలంగాణలో ‘తొక్కు’ అన్నది ఇంట్లో వాడే మాట. కొనేవాడు ‘మామిడికాయ తొక్కు’ అని వెతికితే ‘ఏమీ దొరకలేదు’ అని చెప్పే సైటు, పక్క గదిలో జాడీ పెట్టుకుని లేదన్న దుకాణదారుతో సమానం. ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారి తీరు మరీ విచిత్రం. ఆవకాయకు ముందు ‘ఎ’ ఒకరు ఒకటి వేస్తారు, ఒకరు రెండు వేస్తారు. చివర ‘వై’ ఒకరు రాస్తారు, ‘ఐ’ ఒకరు రాస్తారు. దీనికి గొప్ప సాంకేతికత అక్కరలేదు. ఒక్కొక్క సరుకుకు జనం రాసే రూపాలన్నీ వెతుకుడు పదాలుగా ముందే చేర్చిపెడితే చాలు. ఆ రూపాలు కూడా నోటుపుస్తకంలోనే, అంటే వాట్సాప్ సందేశాల్లోనే దొరుకుతాయి.

అక్షరాల విషయానికి వస్తే, ఆవిడ పాత సైటులో తెలుగంతా బొమ్మల రూపంలో ఉండేది. కారణం వెతికితే, సీసాల లేబుళ్ళు తయారుచేసిన డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కూర్చిన పాఠమే వారి దగ్గర ఉంది. అది ఏ ఫోనైనా కంప్యూటరైనా ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో లేదు గనుక సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తులుగా మారింది, దాంతో సైటు చేసినవారు లేబుళ్ళనే ఫోటోలు తీసి పెట్టేశారు. బొమ్మలో ఉన్న తెలుగును గూగుల్ వెతుకులాటకు సరిగా అందించలేం, కళ్ళు కనబడనివారికి ఫోను చదివి వినిపించలేదు, అక్షరం పెద్దది చేసుకోవాలన్నా కుదరదు. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉండగా ఈ అవస్థ అనవసరం. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కనుక ఇంగ్లిషుకు సరిపడే వరుసల ఎడం తెలుగుకు చాలదు. ‘నువ్వుల నూనె’లో వకారం కింది వత్తు, దాని కింద వరుసలోని గుడిదీర్ఘం ఒకదానితో ఒకటి రాసుకుంటే చదివేవారికి చిరాకు పుడుతుంది. అక్షరం ఎత్తుకు 1.7 రెట్ల దాకా వరుస ఎడం ఇస్తే చూపు హాయిగా సాగుతుంది.

యంత్రానువాదాన్ని నమ్ముకుని తెలుగు సైటు చేసేవారి గురించి ఒక మాట. మొదటి పేజీకి ‘ఇల్లు’ అని, డబ్బు కట్టే చోట ‘తనిఖీ చేయండి’ అని ఉన్న సైట్లను నేను చూశాను. బటన్ మీద ఉండవలసింది జనం నోట్లో ఉండే క్రియ. ‘కొనండి’, ‘బుట్టలో వేయండి’, ‘డబ్బు కట్టండి’. ‘కార్ట్’, ‘ఆర్డర్’, ‘ఓటీపీ’ వంటివి అందరికీ అలవాటైన మాటలే గనుక వాటికి కొత్త తెలుగు సృష్టించి కొనేవారిని ఆలోచనలో పడేయనక్కరలేదు.

చేతిలోని ఫోను

సైటు చేసేవారు పెద్ద తెర మీద, వేగంగా నడిచే ఇంటర్నెట్టుతో పని చేస్తారు. కొనేవారు బస్సులో, ఎండలో, మూడేళ్ళ నాటి ఫోనుతో చూస్తారు. ఈ తేడాను లెక్కలోకి తెచ్చుకోవడానికి చిన్న గుణకారం చాలు. ఫోను కెమెరాతో తీసిన ఫోటో ఒక్కొక్కటి సుమారు 4 మెగాబైట్లు. ఆరు ఫోటోలు అలాగే ఎక్కిస్తే 24 మెగాబైట్లు. సెకనుకు 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైటు వచ్చే కనెక్షను మీద అవి దిగడానికి 24 సెకన్లు పడుతుంది. అవే ఫోటోలను తెరకు సరిపడా వెడల్పుకు తగ్గించి, ఫోటోను తక్కువ చోటులో ఇమిడ్చే వెబ్‌పీ పద్ధతిలో దాచితే ఒక్కొక్కటి 150 కిలోబైట్ల లోపే వస్తుంది. ఆరూ కలిసి సెకను లోపే దిగుతాయి. సైటు నెమ్మదిగా ఉందని హోస్టింగు, అంటే సైటును ఉంచే అద్దె చోటు, మార్చడానికి డబ్బు ఖర్చుపెట్టేవారు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

గూగుల్ దీనికి మూడు కొలతలు పెట్టింది. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి; తాకినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి; పేజీ దానంతటది అటూ ఇటూ జరగడం 0.1 అన్న కొలతను దాటకూడదు. స్పందనకు సంబంధించిన ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. మూడోది వినడానికి వింతగా ఉంటుంది గాని అనుభవం అందరికీ ఉన్నదే. ‘కొనండి’ మీద వేలు పెట్టబోయేలోగా పైన ఏదో ఫోటో ఆలస్యంగా దిగి పేజీ కిందికి జరుగుతుంది, వేలు మరోచోట పడుతుంది. ఫోటో వెడల్పు, ఎత్తు ముందే చెప్పి ఖాళీ ఉంచితే ఈ బాధ ఉండదు. మొదటి పేజీలో వాటంతటవే జరిగే బొమ్మల వరుసను మేము తీసేశాం. మూడో బొమ్మ దాకా ఎవరూ ఆగరు, మొదటిది చదివేలోగా అది వెళ్ళిపోతుంది.

పచ్చళ్ళ సైట్లకు ఎరుపు మీద పసుపు అంటే మోజు ఎక్కువ, లేకపోతే తెలుపు మీద లేత బూడిదరంగు. చూపు తగ్గినవారితో సహా అందరూ సైట్లను వాడగలగాలని రూపొందించిన వెబ్ అందుబాటు మార్గదర్శకాలు అక్షరం రంగుకూ వెనుకరంగుకూ కనీసం 4.5:1 వ్యత్యాసం కావాలంటాయి. దీన్ని కొలిచి చెప్పే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. 2023 అక్టోబరులో వచ్చిన ఆ మార్గదర్శకాల 2.2 కూర్పు, తాకే బటన్లు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలని చేర్చింది. ఆండ్రాయిడ్ సలహా ఇంకా ఉదారంగా 48. పెద్దవాళ్ళు చాలామంది ఫోనులో అక్షరాల సైజు బాగా పెంచి పెట్టుకుంటారు. అలా పెంచిన ఫోనులో ఆవిడ పాత సైటు తెరిస్తే ధర మీదికి బటన్ ఎక్కి కూర్చుంది. సైటు పూర్తయిందనే ముందు ఈ ఒక్క పరీక్షనైనా ప్రతివారూ చేసి చూడాలి.

పేరు, చిరునామా, డబ్బు

ఆర్డరు ఫారం దగ్గరికి వచ్చేసరికి కొనాలన్న కోరిక కుదిరిపోయి ఉంటుంది. ఇక్కడ సైటు చేయగలిగిందల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండడమే. ఖాతా తెరవమనడం, పాస్‌వర్డు పెట్టుకోమనడం అర కిలో మాగాయ కోసం వచ్చినవారిని వెనక్కి పంపే పనులు. పేరుకు రెండు గడులు పెట్టి మొదటి పేరు, చివరి పేరు తప్పనిసరి అంటే, ఇంటిపేరు ముందు పెట్టుకునే మనవాళ్ళు ఏది ఎక్కడ రాయాలో తెలియక చుక్క పెట్టి ముందుకు సాగుతారు. ఒక్క గడి చాలు. ఫోను నంబరు, పిన్‌కోడు అడిగేచోట అంకెల కీబోర్డే రావాలి. పిన్‌కోడు వేయగానే జిల్లా, రాష్ట్రం వాటంతటవే నిండాలి. చిరునామాలో గుర్తు రాయడానికి విడిగా గడి ఉండాలి. ‘రామాలయం వెనక సందు, వాటర్ ట్యాంకు ఎదురుగా’ అన్నదే మన ఊళ్ళలో కొరియర్ కుర్రవాడికి దారి చూపిస్తుంది, డోరు నంబరు కాదు.

ఆవిడ సందేశాల్లో నన్ను ఆశ్చర్యపరిచిన గుంపు ఒకటి ఇక్కడ బయటపడింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న తల్లిదండ్రులకు పంపించమని అడిగేవారు. సైటు ద్వారా వారు కొనలేకపోవడానికి కారణం చాలా చిన్నది. ఫోను నంబరు గడి పది అంకెలనే ఒప్పుకుంటుంది, దానికే ఓటీపీ పంపుతుంది. వారు తల్లి నంబరు ఇస్తే ఓటీపీ తెల్లవారుజామున ఇక్కడ నిద్రపోతున్న అమ్మ ఫోనుకు వెళుతుంది. డబ్బు కట్టేవారు ఒకరు, సరుకు అందుకునేవారు మరొకరు అన్న సంగతిని ఫారం గుర్తించాలి. ‘ఇది మరొకరికి పంపుతున్నారా’ అని ఒక్క ప్రశ్న అడిగి, అవునంటే కొనేవారి మెయిలు, అందుకునేవారి ఫోను విడివిడిగా తీసుకుంటే సరిపోతుంది. విదేశీ కార్డులు తీసుకునే సౌకర్యాన్ని చెల్లింపుల సంస్థ దగ్గర విడిగా అడిగి తెప్పించుకోవలసి ఉంటుంది. అది లేకపోతే మిగతాదంతా వృథా.

మన దేశంలో చెల్లింపు అంటే చాలామందికి యూపీఐయే. 2016లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా ఉంది. అయినా సైట్లలో ఒక వింత తప్పు తరచూ కనిపిస్తుంది. ఫోనులో కొంటున్న మనిషికి అదే ఫోను తెర మీద క్యూఆర్ కోడు చూపించి స్కాన్ చేయమంటారు. దేనితో స్కాన్ చేయాలి? ఫోనులో చూస్తున్నవారికి నేరుగా యూపీఐ యాప్‌ను తెరిచే బటన్ ఇవ్వాలి, కంప్యూటరులో చూస్తున్నవారికే క్యూఆర్ కోడు. డబ్బు పోయి ఆర్డరు నమోదు కాని సందర్భానికి కూడా సైటులో మాటలు సిద్ధంగా ఉండాలి. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం ఖాతాలో సొమ్ము తగ్గి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే అయిదు రోజుల్లోగా ఆ సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఎర్ర అక్షరాల్లో ‘ఎర్రర్’ అని చూపించి ఊరుకోకుండా ‘మీ డబ్బు పోలేదు, అయిదు రోజుల్లోగా ఖాతాకు తిరిగి వస్తుంది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అంటే కొనేవారి గుండె కుదుటపడుతుంది. చెల్లింపు స్క్రీన్‌షాట్ పంపమని అడగడం మాత్రం రెండు వైపులా నష్టమే. కొనేవారికి అదనపు పని, వ్యాపారికి నకిలీ స్క్రీన్‌షాట్ల బెడద.

చట్టం అడిగేవి మరికొన్ని ఉన్నాయి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారపు చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ఉండాలి; ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి; ముందే టిక్కు పెట్టిన గడులతో సమ్మతి తీసుకోకూడదు. ఒంటిచేత్తో వ్యాపారం నడిపేవారికి ‘అధికారి’ అన్న మాట బరువుగా తోచవచ్చు గాని, ఆ చోట ఆవిడ పేరూ ఫోను నంబరే ఉంటాయి. పగిలిన సీసాకు బదులు పంపుతారా, ఎన్ని గంటల్లోగా ఫోటో పంపాలి అన్నది అదే పేజీలో మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. ఎక్కడినుంచో ఎత్తిరాసిన పది పేజీల ఇంగ్లిషు నిబంధనలు ఎవరికీ పనికిరావు.

రెండో వాడుకరి

సైటు వాడేవారంటే కొనేవారు మాత్రమే కాదు, అమ్మేవారు కూడా. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆవకాయ అయిపోయిన రోజు ఆవిడ చేయి కారంతో ఉంటుంది. కంప్యూటరు తెరిచి, లోపలి పేజీల్లోకి వెళ్ళి, నిల్వ సున్నా చేసే వ్యవధి ఉండదు. ఫోనులో రెండు తాకిళ్ళలో ‘అయిపోయింది’ అని పెట్టగలగాలి, లేకపోతే లేని సరుకుకు ఆర్డర్లు వచ్చి డబ్బు వాపసు చేసే తంటా మిగులుతుంది. ఊరగాయలకు రుతువు కూడా ఉంది. ఆవకాయ, మాగాయ వేసవివి. ఉసిరి, చింతకాయ కార్తీకం తరువాత. పండుమిరప సంక్రాంతి దాటాక. సరుకు లేని కాలంలో ఆ పేజీని తీసేయకుండా ‘మళ్ళీ జనవరిలో’ అని రాసి, కావాలన్నవారి నంబరు తీసుకునే గడి పెట్టడం మేలు. పేజీ నిలిచి ఉంటే గూగుల్‌లో దాని స్థానమూ నిలుస్తుంది.

ఆన్‌లైన్ దుకాణం కట్టుకోవడానికి షాపిఫై మంచిదా, వూకామర్స్ మంచిదా అన్న ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మొదటిదానికి నెలనెలా అద్దె కట్టాలి, బాగోగులు వారు చూసుకుంటారు; రెండోది ఉచితమే గాని నవీకరణలు, భద్రత, హోస్టింగు చూసుకునే మనిషి కావాలి. నెలకు పదిహేను ఇరవై ఆర్డర్లు మించని దశలో వాట్సాప్ బిజినెస్ క్యాటలాగుతో సరిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. వీటన్నిటికంటె ముఖ్యమైనది డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, వ్యాపారి సొంత మెయిలుతో, సొంత డబ్బుతో నమోదై ఉండడం. నాకు తెలిసిన మరో వ్యాపారి సైటు పేరును దాన్ని చేసిపెట్టిన కుర్రవాడు తన పేరు మీద కొన్నాడు. అతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, గడువు తీరింది, సీసాల మీద అచ్చువేయించిన చిరునామా మరెవరి చేతికో పోయింది.

సైటు తయారయ్యాక పరీక్ష. ఒకే రకమైన వాడుకరుల్లో అయిదుగురితో పరీక్షిస్తే లోపాల్లో చాలా భాగం బయటపడతాయని సైట్ల వాడుక తీరును పరిశోధించిన జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ సంఖ్య మీద వాదాలున్నా చిన్న వ్యాపారానికి అది చక్కని మొదలు. మేము పిలిచిన వారిలో ఆవిడ పెద్దమ్మ ఒకరు. ‘పెద్దమ్మా, అర కిలో ఆవకాయ మీ చెల్లెలుగారికి పంపించు’ అని చెప్పి ఫోను చేతికిచ్చాం. నియమం ఒక్కటే, పక్కన కూర్చున్నవారు నోరు విప్పకూడదు. ఆమె ‘బుట్టలో వేయండి’ తాకారు. పైమూల చిన్న గుర్తు పక్కన 1 అని అంకె పడింది. అంతే, మరేమీ కదలలేదు. ఆమె మళ్ళీ తాకారు. మరోసారి తాకి, ‘ఇది పడట్లేదమ్మా’ అన్నారు. అప్పటికి బుట్టలో మూడు సీసాలున్నాయి. ఆ వారమే దాన్ని మార్చి, తాకగానే బటన్ ఉన్నచోటే ‘1 సీసా బుట్టలో ఉంది’ అని, పక్కన తగ్గించే గుర్తు, పెంచే గుర్తు వచ్చేలా చేశాం. ఆమె చెప్పకపోతే ఆ లోపం మాకు ఏడాదికైనా తెలిసేది కాదు. ఎందుకంటే దాన్ని మేమే చేశాం, ఎక్కడ చూడాలో మాకు తెలుసు.

వాట్సాప్ సందేశాలు ఇప్పటికీ వస్తున్నాయి. కిలో ఎంత అన్నది తగ్గింది. వెల్లుల్లి గురించి అడిగేవారు అరుదు. పోయిన వారం ఒకరు ఖాళీ సీసాలు తిరిగి తీసుకుంటారా అని అడిగారు. అది నోటుపుస్తకంలోకి ఎక్కింది. దానికి సైటులో జవాబు ఇంకా లేదు, ఆవిడ కూడా ఇంకా తేల్చుకోలేదు.